దారి యెవరికి ఇయ్యవలెను?

తీర్థయాత్రాఫలము దర్శనానంతరము లభించునని మనము భావింతుము. కాని అలిపిరి నుండి తిరుమలకు గల సుమారు తొమ్మిది కిలోమీటర్ల కాలిబాటలో, ఆ 3,550 మెట్లలో, దర్శనమునకు పూర్వమే నేర్చుకొనదగిన పాఠమొకటి కలదు.

గాలిగోపురము చేరులోపలనే ఎవరి కాలిబలము ఎంతయో తెలిసిపోవును. ఇంటివద్ద ఒకే పంక్తిలో భుజించినవారు ఇక్కడ మూడు తెగలుగా చీలిపోదురు. పడుచువారు ముందు, ప్రతి మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టు మ్రొక్కు గల ఇల్లాలు వెనుక, ఆమెకును వెనుక, మోకాలు పట్టుకొని తల్లి. ఒకసారి నేను గోపురమునకు దిగువ విశ్రమించియుండగా అట్టి తల్లి యొకతె కుమారునితో "నువ్వు పద నాయనా, నేను మెల్లగా వస్తాను" అనినది. అతడు "సరేనమ్మా" అని మంచినీళ్ల సంచితో సహా పైకి సాగిపోయెను. చెడ్డవాడు కాడు. తల్లి మాట జవదాటనివాడే! కాని పెద్దలు అట్లనుట అనుజ్ఞ కాదు. తమవలన నలుగురికి ఆలస్యమగుచున్నదను సంకోచము. "నాకు ఆకలి లేదు, మీరు తినండి", "ఈ నొప్పికి డాక్టరెందుకు, అదే తగ్గుతుంది" అనునవియు ఆ కోవలోనివే. వాచ్యార్థము వేరు, వ్యంగ్యార్థము వేరని పాఠశాలలో ఎన్నో యేండ్లు చెప్పితిని. ఇంతకంటె సులభమైన ఉదాహరణము నాకు అలంకారగ్రంథములలో దొరకలేదు.

దారిలో ఎవరికి తొలగి చోటియ్యవలెనో మనుస్మృతి రెండవ అధ్యాయమున చెప్పబడినది. బండిలో వచ్చువాడు, దశమీస్థుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు: వీరు ఎనమండుగురు. దశమీస్థుడనగా దశమీ తిథితో సంబంధము లేదు. నూరేండ్ల ఆయువును పదేసి యేండ్లుగా విభజింపగా పదవ భాగమున నున్నవాడు, అనగా తొంబది దాటిన వృద్ధుడు. వృద్ధుడును, రోగియు, మూట మోయువాడును రాజుకంటె ముందుగా పేర్కొనబడిరి. ఆ వరుస ఛందస్సు కొరకేనని ఎవరైన అందురేమో. అట్లే యైనను, రాజునకిచ్చు దారియే వారికిని ఇయ్యవలెననుట తప్పదు.

భగవద్రామానుజులు శేషాద్రిని అధిరోహించునపుడు, వారి మేనమామయు స్వామికి తీర్థకైంకర్యపరుడును అగు తిరుమలనంబి తామే ఎదురువచ్చిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. పెద్దలు తాము రానేల, ఎవరైన చిన్నవారిని పంపరాదా యని రామానుజులు నొచ్చుకొనగా, నాలుగు వీథులు వెదకినను నాకంటె చిన్నవాడు కనబడలేదని నంబి బదులిచ్చిరట. దీనిని నైచ్యమునకు దృష్టాంతముగా చెప్పుట వాడుక. నాకు మరియొకటియు తోచును. అంతటి వృద్ధుడు కొండ దిగి వచ్చెను. పడుచువాడు తల్లి కొరకు నాలుగు మెట్లు దిగలేడా?

ఎక్కడను ఆగక ఎక్కెదనని మ్రొక్కుకొంటినని చెప్పువారు కలరు. ఆ మ్రొక్కు ఒంటరిగా వచ్చినపుడు తీర్చుకొనవచ్చును. సంకల్పమున "సహకుటుంబానాం" అని పలికి, కుటుంబమును దిగువ విడిచి పోవుట ఏమి వ్యాకరణము? ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే కాదు. 2023 ఆగస్టులో ఈ కాలిబాటలోనే ఒక చిన్నారి చిరుతపులి వాత పడినది. పిదప దేవస్థానమువారు భక్తులను గుంపులుగా నడువుడని కోరిరి.

కావున బయలుదేరునపుడే నిదానముగా నడచువారిని ముందుంచవలెను. మంచినీరు వారి చేరువలో నుండవలెను. గాలిగోపురమువద్ద అందరును చేరువరకు కూర్చుండుట మంచిది. అటుపిమ్మట దారి కొంతదూరము సుగమము, మోకాళ్లమెట్టువద్ద మరల పరీక్ష. ఎక్కజాలనివారు బస్సులో వచ్చుటలో న్యూనత యేమియు లేదు, కాని వారికి ఒకరు తోడుండవలెను. శ్రీవారికంటె ముందుగా పుష్కరిణి ఒడ్డున నున్న వరాహస్వామిని సేవించుట సంప్రదాయము. మెట్లదారిన వచ్చినవారును బస్సున వచ్చినవారును ఆ ఆలయమువద్ద కలిసికొని, అందరును వచ్చిరా యని ఒకసారి లెక్క చూచుకొని లోనికి పోవచ్చును.