ఇంట్లో రోగి ఉంటే పెంపుడు ఎలుకకు చోటు ఇవ్వవచ్చునా?

డిశ్చార్జి అయ్యే రోజున కుటుంబ సభ్యులు మందుల వేళలు అడుగుతారు, పథ్యం అడుగుతారు, మళ్లీ ఎప్పుడు రావాలో అడుగుతారు. ఇంట్లో ఏయే జంతువులు ఉన్నాయో చెప్పాలన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు. గొర్రెలు, మేకలు, కోళ్లు, కుక్కలు మన పల్లెల్లో మామూలే. కొన్ని ఇళ్లలో తెల్ల ఎలుకలు కూడా ఉంటాయి. బెంగళూరు వంటి నగరాల్లోని అంగళ్లలో వీటిని పెంచుకోవడానికి అమ్ముతారు. ముచ్చటపడి కొన్నవారు కొన్నాళ్లకు విసుగుపడి వదిలేస్తే, చూసిన పిల్లలు జాలిపడి ఇంటికి తెస్తారు. పిల్లల జాలిని చిన్నబుచ్చకుండా, రోగికి హాని కలగకుండా ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఏ ఎలుక?

మొదట ఏ ఎలుకను తెచ్చారో చూడండి. వేరుశనగ మూటల సందున, కట్టెల మోపు కింద దొరికిన ఎలుక పిల్లలు పెంపుడు ఎలుకలు కావు. వాటి ఒంటిమీద పేలు, గోమార్లు, నల్లులవంటి చిన్న పురుగులు ఉండవచ్చు. అడవి ఎలుకల మీద బతికే ఒక రకం చిన్న పురుగు కుట్టడం వల్లనే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. కళ్లు తెరవని ఎలుక పిల్లలకు తల్లిపాలు లేకుండా బతకడం కూడా కష్టం. వాటిని చేతులతో తాకనివ్వకండి, ఇంట్లో పెంచవద్దు.

తెల్ల ఎలుక, మచ్చల ఎలుక మనుషుల మధ్య పుట్టి పెరిగినవి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల పరిశోధన కోసం పెంచే ఎలుకలకు ఆరోగ్య పరీక్షలు, శుభ్రమైన గదులు ఉంటాయి. అంగట్లో కొన్న ఎలుకకు, వీధిలో దొరికిన ఎలుకకు అటువంటి హామీ లేదు. తెల్లగా, శుభ్రంగా కనిపించినంత మాత్రాన జబ్బు లేదని అనుకోరాదు.

మొదట ఇంట్లో ఎవరున్నారో చూడండి

ఈ కింది వారిలో ఒక్కరు ఉన్నా ఆ ఇంట్లో ఎలుకను ఉంచవద్దు. వేరే ఇల్లు చూడండి.

1. గర్భవతి, బాలింత, 5 ఏళ్లలోపు పిల్లలు.
2. క్యాన్సర్ మందులు, ఎక్కువ కాలం స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు. హెచ్.ఐ.వి. ఉన్నవారు. వీరికి రోగనిరోధక శక్తి తక్కువ.
3. ఉబ్బసం ఉన్నవారు. ఎలుక మూత్రంలోని మాంసకృత్తులు ఎండి దుమ్ములో కలిసి ఆయాసాన్ని పెంచుతాయి.
4. మానని పుండ్లు, కాలిన గాయాలు, ఆపరేషన్ కుట్లు ఉన్నవారు.
5. మధుమేహం వల్ల గాని, కుష్ఠు వల్ల గాని పాదాలకు స్పర్శ తగ్గినవారు. నిద్రలో ఎలుక కొరికినా వీరికి తెలియదు. తెల్లవారాక రక్తం చూసిన తరువాతే తెలుస్తుంది.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2005లో అమెరికాలో ఒక దాత అవయవాలను నలుగురికి అమర్చారు. ఆ దాత ఇంట్లో ఎలుక జాతికే చెందిన హ్యామ్‌స్టర్ అనే పెంపుడు జంతువు ఉండేది. దాని నుంచి వచ్చిన ఎల్.సి.ఎమ్. అనే వైరస్ ఆ నలుగురికీ సోకింది. ముగ్గురు చనిపోయారు. ఈ వైరస్ సహజంగా ఉండేది చిట్టెలుకలలోనే. ఆరోగ్యవంతునికి ఇది సోకితే మామూలు జ్వరంలా వచ్చి పోవచ్చు. గర్భవతికి సోకితే గర్భస్రావం కావచ్చు, లేదా బిడ్డ మెదడుకు, కళ్లకు హాని కలగవచ్చు. ఒకే జబ్బు ఒకరికి చిన్నది, మరొకరికి ప్రాణాంతకం. అందుకే ఎలుకను చూడక ముందు ఇంట్లోని మనుషులను చూడమంటున్నాము.

జబ్బు ఎలా వస్తుంది?

ఎలుక మూత్రం, పెంటికలు, ఉమ్మి ద్వారా సూక్ష్మక్రిములు వస్తాయి. ఎండిన పెంటికలను చీపురుతో ఊడ్చితే దుమ్ము లేచి ఊపిరిలోకి పోతుంది. ఎలుకను తాకిన చేతితో అన్నం తింటే సాల్మొనెల్లా వల్ల విరేచనాలు పట్టుకుంటాయి. కొరికితే ఎలుక కాటు జ్వరం రావచ్చు. కాటు పడిన 3 నుంచి 10 రోజులలో చలిజ్వరం, కీళ్లనొప్పులు, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే దాన్ని అనుమానించాలి. పెన్సిలిన్‌తో నయమవుతుంది. అయితే ఎలుక కరిచిందన్న సంగతి డాక్టరుకు చెప్పడం మరువరాదు.

ఆరోగ్యవంతుల ఇంట్లో ఎలా పెంచాలి?

పైన చెప్పినవారు ఎవరూ లేని ఇంట్లో, ఒక పెద్దవారు బాధ్యత తీసుకుంటే, కొంతకాలం ఆశ్రయం ఇవ్వవచ్చు.

గూడు: సన్నని కంతలున్న ఇనుప జాలీ పెట్టె కావాలి. చిటికెన వేలు పట్టే సందులోంచి చిట్టెలుక తప్పించుకుంటుంది. అడుగున ముద్రణ లేని కాగితం ముక్కలు పరచండి. వేరుశనగ పొట్టు వద్దు, అందులో దుమ్ము, బూజు ఉంటాయి. పెట్టెను వంటింట్లో, పడకగదిలో ఉంచరాదు.

ఎండ: ఎలుకకు చెమట పట్టదు. మన జిల్లాలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద పెట్టిన పెట్టెలో ఎలుక ఒక్క మధ్యాహ్నంలో చనిపోవచ్చు. నీడగా, గాలి ఆడే చోట, మిద్దె కింద పెట్టండి. చల్లని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టె పక్కన ఆనించండి.

మేత, నీళ్లు: కొర్రలు, సజ్జలు, జొన్నలు, కొద్దిగా దోసకాయ, క్యారెట్ ముక్క చాలు. రోజుకు చెంచాడు గింజలు సరిపోతాయి. వేరుశనగ గింజలు ఒకటి రెండుకు మించి వద్దు. బూజు పట్టిన గింజలు అసలే వద్దు. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం ఎలుక కాలేయాన్నే కాదు, మన కాలేయాన్నీ పాడుచేస్తుంది. నీళ్లు పొద్దున, సాయంత్రం మార్చండి.

ఆడ, మగ: ఇది ముఖ్యం. ఎలుక 3 వారాలకే ఈనుతుంది, ఈతకు 6 నుంచి 8 పిల్లలు సామాన్యం. ఈనిన రోజే మళ్లీ కట్టవచ్చు. పిల్లలు 5, 6 వారాల వయసుకే ఈడుకు వస్తాయి. రెండు ఎలుకలు తెచ్చి కలిపి ఉంచితే కొన్ని నెలల్లో ఇల్లంతా అవే. మలద్వారానికీ మూత్రద్వారానికీ మధ్య దూరం మగదానికి ఎక్కువ, ఆడదానికి తక్కువ. తేల్చుకోలేకపోతే పశువైద్యశాలలో చూపించి, వెంటనే విడదీయండి. మగవాటిని ఒకే పెట్టెలో ఉంచితే పోట్లాడుకుంటాయి.

శుభ్రం: వారానికి రెండుసార్లు ఆరుబయట పెట్టె కడగండి. ముక్కుకు, నోటికి గుడ్డ, చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. పొడిగా ఊడ్చవద్దు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు చల్లి 10 నిమిషాలు నాననిచ్చి, గుడ్డతో తుడవండి. ఆ సమయంలో ఎలుకను వేరే డబ్బాలో దూరంగా ఉంచండి. బ్లీచింగులో యాసిడ్ కలపరాదు, విషవాయువు వస్తుంది. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

పాము సంగతి మరువవద్దు

పెట్టె చుట్టూ రాలిన గింజలకు ఇంటి ఎలుకలు వస్తాయి. ఎలుకల వెంట పాము వస్తుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. నొప్పి తెలియకపోవచ్చు. అందుచేత గింజలను మూత ఉన్న డబ్బాలో ఉంచండి, రాలినవి ప్రతి సాయంత్రం తీసివేయండి, మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వంటివి చేయక, 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఎలుక కరిస్తే

గాయాన్ని ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దవద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం సూది అవసరమో కాదో ఆయన చెబుతారు. చిట్టెలుక కాటు వల్ల రేబిస్ రావడం అత్యంత అరుదు. అయినా ఆ నిర్ణయం డాక్టరుదే.

ఇంట్లో ఉంచలేకపోతే

పొలంలో వదిలివేయడం దయ కాదు. పంజరంలో పెరిగిన తెల్ల ఎలుకకు దాక్కోవడం తెలియదు, త్వరలోనే కాకికో పిల్లికో ఆహారమవుతుంది. రోగి లేని బంధువుల ఇంట అడగండి. పశువైద్యశాలలో సలహా తీసుకోండి. తెచ్చిన పిల్లవాడిని తిట్టవద్దు. “నువ్వు చేసింది మంచి పనే. అవ్వకు ఇప్పుడు మందులు నడుస్తున్నాయి గనుక అది మామ ఇంట్లో ఉంటుంది. సెలవు రోజున పోయి చూసి వద్దాం” అని చెప్పండి. తాను కాపాడిన ప్రాణి బతికే ఉందని తెలిస్తే వాడు అర్థం చేసుకుంటాడు. అవ్వ కూడా క్షేమంగా ఉంటుంది.

ఇంట్లో అందరూ కూర్చుని చర్చించండి

1. మన ఇంట్లో పైన చెప్పిన అయిదు రకాలవారిలో ఎవరైనా ఉన్నారా?
2. పెట్టెను రోజూ చూసుకునే పెద్దవారు ఎవరు?
3. మన గింజల డబ్బాలకు మూతలు ఉన్నాయా? రాత్రి నేలమీద ఎవరు పడుకుంటున్నారు?
4. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, ఇంట్లో ఉన్న జంతువుల సంగతి చెప్పేది ఎవరు?