బొమ్మ స్టేషను ముంగిలి

చిన్న రైలుబండ్లను చేసి, వానికి తగిన పట్టాలను, స్టేషనును అమర్చుట ఇంగ్లండునందు పెద్దలకు సైతము ప్రియమైన వ్యాసంగము. అచట పెక్కుమంది పాటించు కొలత అడుగునకు 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్ల బొమ్మ యగును.

ఇంజను మీద చూపు శ్రద్ధను చాలమంది స్టేషను వెలుపలి బాటపై చూపరు. పొరపాట్లు దొరలునది అచటనే. 1935వ సంవత్సరపు స్టేషనును కట్టి, దాని వాకిట ల్యాండ్ రోవరు బండిని నిలిపిరనుకొందము. చూచుటకు ముచ్చటగానే యుండును. కాని యా బండి 1948లో గాని లోకమునకు తెలియలేదు! 1922లో వెలువడిన ఆస్టిన్ సెవెన్ కారును నిలిపిన తప్పులేదు. అది సుమారు 9 అడుగుల బండి. బొమ్మగా చేసిన 36 మిల్లీమీటర్లు. రైల్వే సరకులను ఇండ్లకు చేర్చు గుర్రపుబండ్లు కూడ ఆ దినములలో ఇంకను తిరుగుచుండెను. ఊరూర కానవచ్చు ఎర్రని టెలిఫోను గదులలో మిక్కిలి ప్రసిద్ధమైన నమూనా 1936లో వచ్చినది. కనుక ఒక్క యేడు తేడాతో అదియు ఇచట చెల్లదు. బాటకు కాటుకవంటి నలుపు పూయుట మరియొక తప్పు. ఎండలో నలిగిన తారుబాట బూడిదవన్నెగా తోచును. వాకిలినిండ కార్లను క్రిక్కిరియ నిలుపుటయు తగదు. నాటి పల్లెలో కార్లు కొలదిగానే యుండెడివి.

బొమ్మలకింత పట్టింపు ఏల యని కొందరు నవ్వవచ్చును. రాయ్ ఇంగ్లండ్ నవ్వలేదు. ఆయన యింటిపేరు ఇంగ్లండే గాని, వచ్చినది ఆస్ట్రేలియానుండి. 1925లో ఆయన ఇంగ్లండునకు వచ్చి, తెల్లగుర్రపు లోయ యను ప్రాంతమును చూచెను. కొండవాలున సుద్దతో తీర్చిన పెద్ద గుర్రపు ఆకృతి వలన ఆ లోయకు ఆ పేరు కలిగినది. అందలి గడ్డికప్పుల యిండ్లు ఆయన కన్నుల యెదుటనే రూపు మారసాగెను. ఆ మార్పును ఆపుట ఒక్కనివలన కాని పని. కావున ఉన్నవానిని ఉన్నట్లు చిన్న కొలతలో నిలుపవలెనని ఆయన పూనుకొనెను. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ అను గ్రామమున పెండన్ ప్రదర్శనశాల వెలసెను.

అచటి బొమ్మ పల్లె పేరు కల్పితము. ఇండ్లు మాత్రము నిజమైనవి. 1920, 1930 దశకములనాటి రూపమును విచారించి, గోడ గోడను కొలిచి చేసినవి. తోటలోని పూలమొక్కల మొదలు బాటపై పోవు బండ్లవరకు ఆ కాలమునకు చెందనిది చేర్చరాదన్నదే అచటి నియమము. ఆ యిండ్లలో కొన్ని తరువాత నేలమట్టమైనవి. వానిని చూడగోరువారు నేడును పెండనుకే పోవుదురు.