కంప్యూటరు సమూహమునకు క్రొత్త కొలతను చేర్చుట

మన బిడ్డలు పెక్కురు నేడు కంప్యూటరు ఉద్యోగములందు ప్రవేశించుచున్నారు. వారి పనిలోని యొక చిన్న పాఠమును తల్లిదండ్రులకు తెలుగున వివరింప దలచితిమి.

అనేక కంప్యూటర్లను కలిపి, ఒకే పెద్ద లెక్కను పంచి చేయించు ఏర్పాటునకు క్లస్టరు అని పేరు. వందల యంత్రములను ఒక్కొక్కటిగా చూచుట అసాధ్యము గనుక పర్యవేక్షణకు ప్రత్యేక సాధనము కావలెను. అమెరికాలోని బర్క్‌లీయందు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పుట్టిన గాంగ్లియా అట్టి సాధనము. దీనిని గూర్చి మాట్ మాసీ మొదలగువారు 2004లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఇందు ప్రతి యంత్రముననుండు జీమాండ్ అను ప్రోగ్రాము కొలతలు తీయును. జీమెటాడ్ అను మరియొక ప్రోగ్రాము సాధారణముగా 15 సెకండ్ల కొకమారు వానిని సేకరించి భద్రపరచును. ఆ అంకెలే రేఖాచిత్రములై తెరపై కనబడును.

ప్రాసెసరుపై భారము, మిగిలిన మెమరీ, డిస్కులో ఖాళీ చోటు మొదలగు వానిని జీమాండ్ తనంతట తానే కొలుచును. ఇవి యెల్ల చోట్లకును పనికివచ్చునవి. కాని ప్రాసెసరు ఎంత వేడెక్కినది, ఎన్ని పనులు వరుసలో నిలిచియున్నవి యనునవి ఆ పట్టికలో నుండవు. హాజరుపట్టీ వలన పిల్లవాడు బడికి వచ్చెనని తెలియును గాని, పాఠము బోధపడెనని తెలియదు గదా!

ఈ లోటును తీర్చునది జీమెట్రిక్ అను ఆదేశము. దానికి ముఖ్యముగా నాలుగు సంగతులు చెప్పవలెను: కొలత పేరు, విలువ, విలువ రకము, ప్రమాణము. ఉదాహరణకు: పేరు ఉష్ణోగ్రత, విలువ 62, రకము పూర్ణసంఖ్య, ప్రమాణము సెల్సియస్ డిగ్రీ. యంత్రములోని ఉష్ణమాపకమును చదివి ఆ అంకెను జీమెట్రిక్‌నకు అందించు చిన్న స్క్రిప్టు వ్రాసి, వేళకు పనులు నడిపించు క్రాన్ ద్వారా నిమిషమున కొకమారు నడిపించిన చాలును. క్రొత్త కొలత తక్కిన వానితోపాటు తెరపైకి వచ్చును. గాంగ్లియాను తిరిగి వ్రాయనక్కరలేదు.

ఇచ్చట నొక జాగ్రత్త కలదు. స్క్రిప్టు ఆగిపోయినను కడపటి విలువ జీమాండ్ పట్టికలో నిలిచియే యుండును. యంత్రము కాగిపోవుచున్నను అందు 62 అనియే యుండును. ఏలయన, డీమాక్స్ అను గడువు మొదట 0గా నుండును. 0 అనగా గడువే లేదని అర్థము. దానిని 300 సెకండ్లుగా నిర్ణయించినచో, క్రొత్త విలువ రాక 5 నిమిషములు దాటిన పిమ్మట ఆ కొలత తొలగింపబడును. అంకె కనబడకున్న ఎవరైనను కారణము విచారింతురు. పాత అంకె కనబడినచో అంతయు బాగుగనే యున్నదని ఊరకుందురు.

ఏది కొలువవలెనో యంత్రము చెప్పజాలదు. పనిని ఎరిగిన మనుష్యుడే నిర్ణయింపవలెను. కావున ఈ పనిలోనున్న బిడ్డను మీరును ధైర్యముగా అడుగవచ్చును: “నాయనా, నీవు చేర్చిన కొలత ఏది? అది ఆగిపోయినచో నీకెట్లు తెలియును?” ఈ ప్రశ్నకు ఆంగ్లము అక్కరలేదు.