పిట్టలు పోయింది జనం పెరిగినందుకేనా? పటాన్‌చెరు నేర్పిన పాఠం

పై వీడియోలో మా కంది చేను గట్టున తాటి మొద్దు మీద కూర్చున్న పాలపిట్టల జంటను చూశారు కదా. వీడియో తీయడానికి ఏ ఊరికి పోయినా పెద్దమనుషులు ఒకటే మాట అంటున్నారు: "జనం పెరిగిన్రు, పిట్టలు పోయినయ్." అది సగం నిజం. మిగతా సగం మన చేతిలో ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

1951లో దేశంలో 36 కోట్ల మంది ఉంటే 2011 నాటికి 121 కోట్లయ్యాం. అందరికీ తిండి కావాలి, ఇల్లు కావాలి, పని కావాలి. మా దిక్కు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో కంపెనీలొచ్చాయి. వాటి వెంట కాలనీలు, ఇప్పుడు ముంబై రోడ్డు పొడవునా వెంచర్లు. నక్కవాగు కాలుష్యం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంత జరిగాక పిట్టలు తగ్గాయంటే వింతేం లేదు.

మరి యూరప్ సంగతేంటి? అక్కడ జనాభా మనలాగ పెరగలేదు. అయినా 1980 నుంచి 2016 లోపల పొలాల్లో బతికే పక్షులు సగానికి పైగా, 57 శాతం తగ్గాయి. 28 దేశాల లెక్కలు కలిపి చూసి 2023లో శాస్త్రవేత్తలు చెప్పిందేమంటే, అన్నిటికంటే పెద్ద కారణం వ్యవసాయం చేసే తీరు, ముఖ్యంగా పురుగుమందులు, రసాయన ఎరువులు. పురుగు లేకపోతే పిల్లలకు పెట్టడానికి తల్లిపిట్టకు ఏమీ ఉండదు. గింజలు తినే ఊరపిచ్చుక కూడా గూట్లో పిల్లలను సాకేది పురుగులతోనే. (సెల్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయని వాట్సాప్‌లో తిరుగుతుంది. దానికి రుజువు దొరకలేదు.)

మన దేశం లెక్క కూడా 2023లోనే వచ్చింది. వేలమంది పక్షి ప్రేమికులు రాసిపెట్టిన లెక్కలతో చేసిన నివేదిక అది. చాలా ఏళ్ల సమాచారం దొరికిన 338 జాతుల్లో 204 తగ్గాయి. తగ్గుతున్న వాటిలో మన రాష్ట్ర పక్షి పాలపిట్ట ఉంది. దసరా రోజు చూసి దండం పెట్టుకునే పిట్ట! పెరిగిన వాటిలో నెమలి, పావురం, కోయిల ఉన్నాయి.

ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు అన్నది చూస్తేనే అసలు పాఠం అర్థమవుతుంది. పావురానికి అపార్ట్‌మెంట్ సజ్జా చాలు. పాలపిట్టకు మూడు కావాలి: కూర్చుని నేలను చూడడానికి ఎత్తైన చోటు, ఎర కనబడేలా తెరిపి నేల, గుడ్లు పెట్టడానికి తొర్ర ఉన్న పాత చెట్టు. మిడతలు, కీచురాళ్లు, పెంకు పురుగులు దాని తిండి. మందు కొట్టిన పత్తి చేనులో ఇవి ఉండవు. ఎండిపోయిన తాటిచెట్టును పనికిరాదని కొట్టేస్తే తొర్ర ఉండదు. తీతువు పిట్టది ఇంకో కష్టం. అది గూడే కట్టదు, పడావు నేల మీద రాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. ఎండాకాలం దుక్కి, వెంచర్ డోజరు రెండూ సరిగ్గా ఆ టైముకే వస్తాయి.

మందు సంగతి తేలిగ్గా తీసుకోకండి. 1995-96లో అర్జెంటీనాలో మిడతల కోసం మోనోక్రోటోఫాస్ కొడితే, ఆ మిడతలను తిన్న డేగలు వేలల్లో చచ్చాయి. మన దగ్గర రాబందులను తుడిచిపెట్టింది పశువులకిచ్చిన డైక్లోఫెనాక్. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించే నాటికే చాలా ఆలస్యమైంది.

ఇప్పుడు మా పక్కనే ఉన్న ఇక్రిశాట్‌ను చూడండి. 1972లో మొదలైన ఆ క్యాంపస్ దాదాపు 3,500 ఎకరాలు. మన మట్టే, మన వానే, లోపల చేసేది కూడా సేద్యమే. గోడ బయట ఊరు పెరిగి పట్నమైంది. లోపల చెరువులు పూడ్చలేదు, చెట్లు, గడ్డి నేల మిగిలాయి. రెండు వందలకు పైగా పక్షి జాతులు అక్కడ నమోదయ్యాయి. దగ్గర్లోని అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ ఇళ్లే, అయినా నీళ్లున్నన్ని రోజులు పక్షులు దిగుతూనే ఉన్నాయి.

మనకు 3,500 ఎకరాలు లేవు. మాకున్నది ఐదెకరాలు. పక్క చెలక వెంచర్ కింద పోయింది, మాకూ రేటు చెప్పిపోతున్నారు. ఒక్క మడి మిగిలితే పాలపిట్ట నిలవదని నా అనుమానం. పక్కపక్క రైతులు నలుగురు కలిస్తే నిలుస్తుంది. మేము చేస్తున్నవి ఇవి:

ఎండిన తాటి మొద్దులు కొట్టం. గట్టు మీద వేప, తుమ్మ, రేగు ఉంచుతాం. గట్టు గడ్డి ఒకేసారి కోయం, కాల్చం. కంది, శనగలో ఎకరాకు 15 నుంచి 20 పక్షి స్థావరాలు పాతుతాం. కర్ర మీద అడ్డంగా ఇంకో కర్ర కడితే చాలు, పైరు కంటే అడుగు ఎత్తు ఉండాలి. ఏట్రింతలు (తోక చీలిన నల్ల పిట్టలు), గోరింకలు వాలి శనగపచ్చ పురుగును ఏరుకుంటాయి. జొన్న పాలుపోసుకునే ముందు ఆ చేను దగ్గర స్థావరాలు పీకేయాలి, లేకపోతే గింజ తినే పిట్టలకు మనమే కుర్చీ వేసినట్టు. దున్నేటప్పుడు తీతువు అరుస్తూ తల మీద తిరిగితే ట్రాక్టర్ ఆపి చూడండి. గుడ్ల చుట్టూ నాలుగు గజాలు వదిలితే పంటకు పోయేదేం లేదు.

నెమళ్ల గురించి నిజం చెప్పాలి. పల్లి విత్తనం తవ్వేస్తాయి, టమాటా పొడుస్తాయి. చట్టం ప్రకారం వాటిని ముట్టుకోకూడదు. మొలక వచ్చేదాకా ఎండిన రేగు కంప పరవడం, పొద్దున సాయంత్రం మనిషి తిరగడం తప్ప నాకు తెలిసిన గట్టి మందు లేదు. పక్షులన్నీ రైతుకు మిత్రులే అని ఎవరన్నా చెబితే వాళ్లు పల్లి వేయలేదనుకోండి.

చివరిగా లెక్క పెట్టడం. నెలకోసారి, సూర్యుడు వచ్చిన గంటలోపు, ఒకే గట్టు మీద ఒకే చోట 15 నిమిషాలు నిలబడండి. కనబడిన ప్రతి జాతి, ఎన్ని ఉన్నాయో నోట్‌బుక్‌లో రాయండి. పేరు తెలియకపోతే ఫోటో తీసుకోండి. ఆ రోజు ఏ చేనులో ఏ కషాయం కొట్టారో, పక్కవాళ్లు ఏ మందు కొట్టారో పక్కనే రాయండి. వేప కషాయం కూడా రాయాలి, అది కూడా పురుగును తగ్గించేదే కదా. ఈ వానకాలం నుంచి వచ్చే వానకాలం దాకా పన్నెండు లెక్కలవుతాయి. నోట్‌బుక్‌లో గళ్లు ఎలా గీయాలో వీడియో చివర్లో చూపించాను.