మహమ్మారియు మగ్గపు గుంటయు

కడప మండలమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను మూడు పట్టణములు కలవు. మొదటి రెండును పెన్నానది యొడ్డున నున్నవి. మూడవది వానికి దక్షిణముగా మెట్టనేలల నడుమ వెలసినది. ప్రొద్దుటూరు బంగారమునకును, బట్టల వ్యాపారమునకును పేరుపొందినది. జమ్మలమడుగు చుట్టును నల్లరేగడి చేలు, నాపరాతి గనులు, నేతగాండ్ర యిండ్లు కలవు. పులివెందుల సీమలో వేరుసెనగ చేలును, చీనీ, అరటి తోటలును విస్తారము. 2020వ సంవత్సరమున ప్రపంచమును చుట్టుముట్టిన కరోనా వ్యాధి ఈ ప్రాంతమునకును వచ్చెను. వ్యాధి యొక్కటే, ప్రభుత్వపు ఆజ్ఞయు నొక్కటే. ఆ యాజ్ఞను పాటించుటకు వలసిన సాధనములు మాత్రము అందరి యిండ్లలో నొక్కరీతిగా లేకుండెను.

మార్చి 25వ తేదీ నుండి ఇరువదియొక్క దినములు దేశమంతట రాకపోకలు నిలిచిపోయెను. పిమ్మట ఆ గడువు పలుమారులు పొడిగింపబడెను. “ఇల్లు కదలకుడు, ఒకరికొకరు ఎడముగా నుండుడు, మాటిమాటికి చేతులు కడుగుకొనుడు” అని అధికారులు చాటించిరి. మాట మంచిదే. పెద్ద మేడలో, నిండిన గాదెతో, కొళాయి నీటితో నున్నవానికి అది కష్టమును కాదు. నేతగాని సంగతి వేరు. అతని యింటిలో సగము గుంటమగ్గమే యాక్రమించును. మిగిలిన సగములో వంట, పడక, పిల్లల చదువు, ముసలివారి మంచము. అట్టి యింట నొకరికి జ్వరము వచ్చిన ఏ గదిలో వేరుగా నుంచవలెను? పడుగును సరిచేయు పని చూచినవారికి మరియొక చిక్కు తోచును. తెల్లవారకముందే వీధి పొడుగున పడుగును చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుదురు. నలుగురైదుగురు కలిసి నిలువనిదే ఆ పని సాగదు. వీధిలో గుమికూడరాదన్న నాడు పడుగు లేదు. పడుగు లేనినాడు మగ్గము లేదు. నూలు షావుకారు వద్దనుండి రావలెను, నేసిన చీర తిరిగి అతనికే చేరవలెను. దుకాణములు మూతపడుటతో అతడును చేతులు ముడుచుకొనెను. పెండ్లిండ్ల కాలపు బేరములు ఆ యేట తుడిచిపెట్టుకొనిపోయెను. ప్రొద్దుటూరి బంగారపు టంగళ్లకును తాళములు పడుటచే, చెవికమ్మలు కుదువబెట్టి నాలుగు దినములు గడుపుకొందమన్నను దారి మూసికొనిపోయెను.

పులివెందుల రైతునకు ఇంట స్థలముండెను, పొలమున గాలి యుండెను. అతనిని బాధించినది పంటయొక్క స్వభావము. వేరుసెనగను కొన్ని మాసములు నిలువచేయవచ్చును. పక్వమునకు వచ్చిన అరటిగెల అట్లు వేచియుండదు. దూరపు మండీలు మూతపడుటచే గెలలు తోటలలోనే మాగిపోసాగెను. ప్రభుత్వము కొంత పంటను కొని రైతుబజార్లలో అమ్మించెను. తక్కిన నష్టము రైతు నెత్తినే పడెను. కువైటు దేశమునకు కూలికి పోయిన వారి కుటుంబములు ఈ మండలమున పెక్కు కలవు. అచ్చట పనులు నిలిచిన మాసములలో ఇచ్చటి పొయ్యియు చల్లబడెను.

ఇట్టి భేదము క్రొత్తది కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము బొంబాయి రేవున దిగి, రైలుబండ్ల వెంట దేశమంతట ప్రాకెను. బొంబాయి–మద్రాసు రైలుమార్గము ఎఱ్ఱగుంట్ల మీదుగానే పోవుచున్నది. ఆ యేడు వానలు తప్పెను. యుద్ధము వలన ధాన్యము, బట్ట, కిరసనాయిలు ధరలు మండిపోవుచుండెను. సెప్టెంబరులో మద్రాసు నగరమున జనులు అంగళ్లను కొల్లగొట్టిరి. వైద్యులలో అనేకులు సైన్యముతో పోయియుండిరి. జమ్మలమడుగులో పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున లండను మిషనరీలు స్థాపించిన ఆసుపత్రి యుండెను గాని పల్లెలలో వైద్యుని ముఖము చూచినవారే తక్కువ. దేశమున ఒక కోటి యిరువది లక్షలకు తక్కువ కాకుండ చనిపోయిరని పండితుల యంచనా. బొంబాయి నగరపు లెక్కలు మిగుల శోచనీయములు. అచ్చట ఐరోపావారిలో వేయింటికి తొమ్మండుగురైనను చనిపోలేదు. నిమ్నకులములుగా నెంచబడిన హిందువులలో వేయింటికి అరువదిమందికి పైగా చనిపోయిరి. ఊరొక్కటే, గాలియు నొక్కటే. ఇరుకు గదులు, చాలని తిండి, సేవచేయువారు లేమి అను నీ మూడును ఆ యంతరమును చాలవరకు కలిగించినవి. పరప్రభుత్వమునకు యుద్ధము ముఖ్యమయ్యెను. ఉపశమనకార్యమును పెక్కుచోట్ల స్వచ్ఛంద సంఘములే నెత్తికెత్తుకొనెను.

2020లో స్థితి కొంత మారియుండెను. చౌకదుకాణము ఊరూర నుండెను. కేంద్రప్రభుత్వము ఏప్రిల్ నుండి తలకు 5 కిలోల ధాన్యమును ఉచితముగా నిచ్చెను. రాష్ట్రప్రభుత్వము బియ్యపుకార్డు గల కుటుంబమునకు 1,000 రూపాయలు పంపెను. ఏబది యిండ్లకు ఒకరు చొప్పున 2019లో నియమింపబడిన వాలంటీర్లు ఇంటింటికి పోయి జ్వరపీడితుల వివరములు సేకరించిరి. ఆకలిచావులు 1918లోవలె రాకుండుటకు ఈ యేర్పాట్లు చాల తోడ్పడెను. అయినను సాయము చేరుటకు మనిషి పేరు ఏదో యొక పుస్తకములో నుండవలెను. ఇంగ్లండులో పని నిలిచిన ఉద్యోగులకు ప్రభుత్వము జీతములో నూటికి ఎనుబది వంతులు భరించెను. యజమానుల జీతపు చిట్టాలు సిద్ధముగా నుండుటచే అది సాధ్యమయ్యెను. మన నేతగానికి చిట్టా యెక్కడిది? జూన్ మాసమున సొంత మగ్గము గల నేతకుటుంబములకు 24,000 రూపాయలు అందెను. పరుల మగ్గముపై కూలికి నేయువానికిని, మరమగ్గముల వద్ద పనిచేయువానికిని ఆ పథకము వర్తింపలేదు. కష్టము వారికే యెక్కువ యన్న సంగతి పథకము వ్రాసినవారికి తోచకపోవుట విచారకరము.

2021 జనవరి 16న టీకాలు వేయుట ప్రారంభమయ్యెను. పదునెనిమిదేండ్లు దాటినవారి వంతు వచ్చినప్పుడు మొదట ఫోనులో పేరు నమోదు చేసికొనవలసి యుండెను. అట్టి ఫోను లేనివారు వెనుకబడిరి. జూన్ నెలలో ఆ నిర్బంధము సడలెను. కొందరు టీకాకు జంకిన మాట నిజమే. దానిని మౌఢ్యమని కొట్టివేసినవారు ఒక చిన్న లెక్కను మరచిరి. సూది వేసిన మరునాడు ఒళ్లునొప్పులు, జ్వరము రావచ్చును. జీతగానికి అది సెలవుదినము. మూరకు ఇంత యని కూలి తెచ్చుకొను నేతగానికి అది మగ్గము ఆగిన దినము, ఇంట బియ్యము తరిగిన దినము.