ట్రాక్టరు చాలూ కాకుంటే - పొగ చెప్పే పాఠం

తొలకరి వాన పడి పొలం పదును మీద ఉన్నప్పుడు రైతు చేతిలో ఉండేవి రెండు మూడు రోజులే. అలంపూర్ వైపు నల్లరేగడి తడి ఎక్కువైతే చక్రాన్ని దిగేసుకుంటుంది, ఆరితే బిగుసుకుంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చెలకల్లో పదును ఇంకా తొందరగా పోతుంది. సరిగ్గా అలాంటి తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే, ఇంజను కాసేపు మూలిగి ఊరుకుందనుకోండి. పట్నం నుంచి మెకానిక్ వచ్చేసరికి పొద్దెక్కుతుంది. కూలీలు గట్టు మీద కూర్చుంటారు. అదును దాటితే ఆ నష్టం పంట ఇంటికి వచ్చేదాకా వెంటాడుతుంది.

మన కాలేజీలో చాలామందిమి సేద్యం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. "ఏమైందో ఏమో, చాలూ అయితలేదు" అనే మాట మనందరం విన్నదే. కాని ఇంజను ఊరికే మొరాయించదు. దాని వెనుక మనం ఫిజిక్స్‌లో చదివిన సూత్రమే ఉంది. వరుస తప్పకుండా పరీక్షిస్తే కారణం చాలాసార్లు మనకే దొరుకుతుంది.

అగ్గి ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కోసం ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజనులో గాలిని గట్టిగా నొక్కడమే అగ్గి పుట్టించే ఉపాయం. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనకు తెలుసు. ఇదీ అదే. 27 డిగ్రీల గాలిని పదిహేడో వంతుకు నొక్కితే, గామా 1.4 అనుకుని ఎడియాబాటిక్ లెక్క వేస్తే సుమారు 660 డిగ్రీలు వస్తుంది. గోడలకు పోయే వేడి, రింగుల సందున జారే గాలి తీసేసినా 500 దాకా మిగులుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి అందులో సగం చాలు.

కాబట్టి ఇంజనుకు కావలసినవి మూడే: వేగంగా తిరగడం, గాలిని గట్టిగా నొక్కడం, సమయానికి డీజిల్ అందడం. నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి జారిపోతుంది, వేడి గోడలకు పోతుంది. అందుకే బ్యాటరీ డల్ అయినా తప్పు డీజిల్‌దే అన్నట్టు కనిపిస్తుంది.

మొదటి పరీక్ష: సరిగ్గా తిరుగుతోందా?

గేరు న్యూట్రల్‌లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కామా అని ముందు చూడాలి. తర్వాత హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టాలి. లైటు బాగా మసకబారితే బ్యాటరీలో పస లేదు, లేదా కనెక్షన్లు వదులు. లైటు మసకబారకుండా చప్పుడే రాకపోతే సెల్ఫ్ మోటారుకు కరెంటు చేరడం లేదు. స్విచ్చి, దాని వైర్లు చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే విప్పి, వేడినీళ్ళతో కడిగి, ఆరాక రుద్ది బిగించాలి. ఎర్తు వైరును మరచిపోవద్దు. నిండా చార్జి ఉన్న బ్యాటరీ మీటరులో 12.6 వోల్టులు చూపుతుంది. 12కు తగ్గితే చార్జింగు పెట్టవలసిందే.

రెండవ పరీక్ష: పొగ ఏమంటోంది?

ఇంజను జోరుగా తిరుగుతున్నా సైలెన్సరులో పొగే లేదంటే, సిలిండరులోకి డీజిల్ చేరడం లేదు. స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి ఉందా? ట్యాంకు కాక్ తెరిచి ఉందా? ట్యాంకు మూత రంధ్రం మట్టితో పూడిందా? ఇవి పైసా ఖర్చు లేని పరీక్షలు. ఆ తర్వాత ఫిల్టరు. డ్రమ్ముల్లో, డబ్బాల్లో నిల్వ చేసిన డీజిల్‌లో నీరు, నలక అడుగున చేరుతాయి. ఫిల్టరు కింది స్క్రూ వదులు చేసి వాటిని దించాలి.

ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే పైపుల్లో గాలి పడుతుంది. గాలి నొక్కుకుపోయే వస్తువు కనుక పంపు ఎంత నెట్టినా ఇంజెక్టరు తెరుచుకోదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి డీజిల్ నిండుగా వచ్చాక బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గరా అంతే. దీనినే మనవాళ్ళు 'ఎయిర్ తీయడం' అంటారు.

తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది, కాలడం లేదు. ఇంజను బాగా చల్లగా ఉండవచ్చు, నెమ్మదిగా తిరుగుతుండవచ్చు, డీజిల్‌లో నీరుండవచ్చు, లేదా కంప్రెషన్ తగ్గిఉండవచ్చు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు. ఎండాకాలపు దుక్కుల దుమ్ముతో ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిందేమో చూడాలి.

చేయకూడనివి

సెల్ఫ్‌ను పది పదిహేను సెకన్లకు మించి పట్టి ఉంచరాదు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కొట్టాలి. గాలి గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం కొందరికి అలవాటు. అది వేళకు ముందే పేలి పిస్టన్లను, మనిషిని కూడా దెబ్బతీస్తుంది. నేల మీద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు టెర్మినళ్ళు కలపడం ఇంకా ఘోరం. గేరులో ఉంటే బండి కదిలి పెద్ద చక్రం మనిషి మీదికే వస్తుంది. ఇంజెక్టరు దగ్గర కారే డీజిల్‌ను వేలితో తడిమి చూడరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ వచ్చిన కొత్త బండ్లలో ఒత్తిడి మరెన్నో రెట్లు. వాటి హైప్రెషర్ పైపులు విప్పే పని మెకానిక్‌కే వదలాలి. పంపు, ఇంజెక్టరు, రింగులు కూడా అంతే. మనం ముందే పరీక్షించి "పొగ లేదు, ఎయిర్ తీసినం" అని ఫోనులో చెప్పగలిగితే అతడు సరైన సామానుతో వస్తాడు. ఒక తిప్పట తప్పుతుంది.

ఒక కోరిక

వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ 1959లోనే మొదలైంది. ఇంజనీరింగు చదువు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారం, మన యూనియన్ తరఫున పాలిటెక్నిక్ మిత్రులను కలుపుకుని, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఈ పరీక్షలు చేసి చూపిస్తే ఎంత బాగుంటుంది! కావలసింది ఒక పానాల సెట్టు, ఒక మీటరు, ఒక ట్రాక్టరు. తరగతిలో నల్లబల్ల మీద చెరిపేసిన సూత్రం అప్పుడు ఒక రైతుకు ఒక రోజు పదునును కాపాడుతుంది.