ఆకాశయానం – వాక్శుద్ధి

పాఠ్యభాగ పరిచయం

మానవ నాగరికతకు మాట మూలాధారం. మనసులోని భావాన్ని ఎదుటివారికి చేరవేసే సాధనం అదే. ఆ భావం చేరవలసిన రీతిలో చేరకపోతే కలిగే అనర్థం కొన్ని సందర్భాలలో స్వల్పం, మరికొన్ని సందర్భాలలో ప్రాణాంతకం. విమానం నేలను విడిచే వేళ పైలట్‌కు, విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలరుకు మధ్య జరిగే సంభాషణ రెండవ కోవకు చెందింది. ఆ సంభాషణ స్వరూపాన్ని, దాని నియమాలను, ఆ నియమాలు ఏర్పడిన కారణాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి మండలాలలో బోరుబావుల మోటార్లు సేద్యానికి ముఖ్యాధారాలు. కరెంటు తీగ తెగితే లైన్‌మన్ స్తంభం ఎక్కక తప్పదు. ఎక్కే ముందు అతడు సబ్‌స్టేషన్ ఆపరేటరుతో మాట్లాడి ‘ఎల్.సి.’, అనగా లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఫలానా ఫీడరులో సరఫరా నిలిపివేసినట్లు ఆపరేటరు చెప్పాలి. పని ముగిసిందని ఎల్.సి. తీసుకున్నవాడే తిరిగి చెప్పేవరకు సరఫరా ఇవ్వరాదు. ఒక ఫీడరు పేరు మరొకటిగా వినిపించినా, ఒకరు తీసుకున్న ఎల్.సి.ని వేరొకరు ముగించినా స్తంభంపై ఉన్న మనిషి ప్రాణానికే ముప్పు. ఈ పల్లెసీమ నియమానికీ, శంషాబాదు విమానాశ్రయంలో పాటించే నియమానికీ ఆంతర్యం ఒక్కటే. కంటికి కనిపించని వ్యక్తి క్షేమం చెవికి వినిపించిన మాటపై ఆధారపడి ఉంటుంది.

చాలాకాలం హైదరాబాదు నగరానికి బేగంపేట విమానాశ్రయం సేవలందించింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. అక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. రన్‌వేలను దిక్సూచి డిగ్రీలనుబట్టి పిలుస్తారు. తూర్పు దిశ 90 డిగ్రీలు కనుక చివరి సున్నాను విడిచి ‘సున్నా తొమ్మిది’ అంటారు. అదే రన్‌వేపై పడమటివైపు సాగితే 270 డిగ్రీలు కనుక ‘రెండు ఏడు’ అవుతుంది. ఆ పేరును తప్పుగా వింటే విమానం వ్యతిరేక దిశకు మళ్ళవచ్చు.

విమానం ఎగరడానికి ముందు సంభాషణ అంచెలంచెలుగా సాగుతుంది. మొదట పైలట్ ప్రయాణమార్గానికి అనుమతి పొందుతాడు. ఏ మార్గాన పోవాలో, తొలుత ఎంత ఎత్తువరకు ఎక్కాలో, రాడారు తెరపై విమానాన్ని గుర్తించే నాలుగంకెల సంకేతం ఏదో అందులో ఉంటాయి. తరువాత నేలపై కదలడానికి వేరొక అనుమతి కావాలి. రన్‌వే అంచున ఆగిన విమానాన్ని టవరులోని కంట్రోలరు ‘లైనప్ అండ్ వెయిట్’ అని ఆదేశిస్తే, రన్‌వేపైకి వచ్చి నిలిచి ఉండాలని మాత్రమే అర్థం. ‘క్లియర్డ్ ఫర్ టేకాఫ్’ అన్న మాట వినిపించిన తరువాతనే చక్రాలు పరుగు తీయాలి.

ఈ సంభాషణకు ప్రాణం ‘రీడ్‌బ్యాక్’. కంట్రోలరు ఇచ్చిన ముఖ్యమైన ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పాలి. ‘సరే’ అంటే చాలదు. ఏ రన్‌వే, ఎంత ఎత్తు, ఏ సంకేతం అన్నవి తన నోట పలకాలి. కంట్రోలరు దానిని శ్రద్ధగా విని, తప్పుంటే వెంటనే సరిదిద్దాలి. చెప్పడం, తిరిగి చెప్పడం, దానిని వినడం అన్న మూడూ పూర్తయితేనే ఆదేశం చేరినట్లు. పలుకుబడిలోను నియమముంది. అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పదాలతో పలుకుతారు. తొమ్మిదిని ‘నైనర్’ అంటారు. మన దేశపు విమానాల గుర్తింపు అక్షరాలు ‘విక్టర్ టాంగో’తో మొదలవుతాయి.

భారతీయ శాస్త్రకారులు వాక్యానికి మూడు లక్షణాలు చెప్పారు. పదాలు ఒకదానినొకటి కోరుకోవడం ఆకాంక్ష. వాటి అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత. అవి ఎడం లేకుండా వెంటవెంటనే వినబడడం ఆసత్తి. రేడియోలో పలికిన మాట ఒక ముక్క వినిపించి మరొక ముక్క వినిపించకపోతే ఈ మూడూ భగ్నమౌతాయి. ఒకే శబ్దానికి రెండర్థాలు పలికించే శ్లేష కావ్యంలో గొప్ప అలంకారం. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామకథను, భారతకథను ఒకే పద్యాలలో నడిపి అఖండకీర్తి గడించాడు. కాని కావ్యంలో అలంకారమైనది రన్‌వేపై మృత్యుకారణం కాగలదు.

అందుకు 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు కానరీ దీవులలోని టెనెరిఫేలో జరిగిన దుర్ఘటనే నిదర్శనం. సమీప ద్వీపంలోని విమానాశ్రయంలో బాంబు పేలడంతో అనేక విమానాలను అక్కడికి మళ్ళించారు. దట్టమైన పొగమంచు కమ్మింది. కె.ఎల్.ఎం. సంస్థ విమానం రన్‌వే చివర నిలిచి ఉండగా, పాన్ అమెరికన్ సంస్థ విమానం అదే రన్‌వేపై కదులుతోంది. కంట్రోలరు మొదటి విమానానికి మార్గపు అనుమతి మాత్రమే ఇచ్చాడు. కో-పైలట్ దానిని తిరిగి చదివి, చివర తాము ‘టేకాఫ్’ వద్ద ఉన్నామనే అర్థం వచ్చే మాట అన్నాడు. అప్పటికే ఆ విమానం కదిలింది. ఎగరడానికి సిద్ధంగా నిలిచి ఉన్నారని కంట్రోలరు భావించాడు. ‘ఓకే’ అని, క్షణమాగి, వేచి ఉండమన్నాడు. సరిగ్గా అదే సమయంలో రెండవ విమానం తాము ఇంకా రన్‌వేపైనే ఉన్నామని పలికింది. రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుధ్వని వస్తుంది. రెండు హెచ్చరికలూ ఆ ధ్వనిలో మునిగిపోయాయి. ఎదుటి విమానం ఇంకా తొలగలేదేమోనని కె.ఎల్.ఎం. ఫ్లయిట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. అనుభవజ్ఞుడైన కెప్టెన్ దానిని తోసిపుచ్చాడు. రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు.

ఆ దుర్ఘటన తరువాత సంభాషణ నియమాలు కఠినమయ్యాయి. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప ‘టేకాఫ్’ అన్న మాట వాడరాదు. మిగిలిన చోట్ల ‘డిపార్చర్’ అనాలి. ఒక పదానికి ఒకే స్థానం, ఒకే అర్థం కల్పించడమే ఇందులోని పరమార్థం. మన దేశంలోను 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీదాద్రి వద్ద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది మృతిచెందారు. ఢిల్లీ నుండి ఎగిరిన సౌదీ విమానం 14,000 అడుగుల ఎత్తున ఉండగా, 15,000 అడుగుల వద్ద ఉండవలసిన కజకిస్తాన్ విమానం అంతకంటె కిందికి దిగడమే కారణం. పైలట్లకు, కంట్రోలర్లకు భాషా నైపుణ్యం తప్పనిసరి అన్న నియమాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో చేర్చింది.

స్పష్టంగా పలకడం, విన్నదాన్ని తిరిగి చెప్పి రూఢి చేసుకోవడం, అర్థం కానప్పుడు మొహమాటం లేకుండా మళ్ళీ అడగడం – ఈ మూడూ విమానయానానికే పరిమితమైన గుణాలు కావు. మందుచీటీ చదివే నర్సుకు, పంట మందు మోతాదు అడిగే రైతుకు, ఎల్.సి. తీసుకునే లైన్‌మన్‌కు కూడా ఇవి రక్షలే. టెనెరిఫేలో ఒకరు సందేహించారు. ఆ సందేహానికి విలువ దక్కి ఉంటే కథ మరొక విధంగా ఉండేది. పెద్దవారి ఎదుట సందేహం వెలిబుచ్చడం అవిధేయత కాదు, దానిని ఆలకించడం పెద్దరికానికి లోటు కాదు.

కఠిన పదాలకు అర్థాలు

ఆంతర్యం = లోపలి భావం
భగ్నం = విరిగినది, చెడినది
నిదర్శనం = ఉదాహరణ
రూఢి = నిశ్చయం
అవిధేయత = మాట వినకపోవడం

ప్రశ్నలు

1. విమానం ఎగరడానికి ముందు జరిగే సంభాషణలోని అంచెలను వివరించండి.
2. టెనెరిఫే దుర్ఘటనకు మాటలోని అస్పష్టత ఎట్లు కారణమైందో తెలపండి.
3. ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తులను సొంత ఉదాహరణలతో వివరించండి.
4. శ్లేష కావ్యంలో గుణంగాను, రేడియో సంభాషణలో దోషంగాను ఎందుకు మారుతుంది?
5. రన్‌వేకు ‘సున్నా తొమ్మిది’ అన్న పేరు ఎట్లు వచ్చింది?